వదులుగా కట్టిన ఊయల: నర్సీపట్నం నుంచి మారేడుమిల్లి వరకు

బయలుదేరే ముందు

హ్యామక్‌లో, అంటే చెట్లకి కట్టే ఊయలలో, పడుకుంటే నడుము పట్టేస్తుంది అనేవాళ్లని కాస్త వివరంగా అడిగి చూడండి, రెండు చెట్ల మధ్య దాన్ని బలంకొద్దీ బిగదీసి కట్టి, అందులో నిలువునా మధ్యలో పడుకున్నామని చెప్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, పట్టీ కాస్త వదులు చేసి, కొంచెం పక్కకి జరిగి పడుకుంటే పోయే ఇబ్బందికి భయపడి హాయిగా ఆరుబయట పట్టాల్సిన నిద్రని వదులుకుంటున్నారు. మా బావమరిదిదీ అదే భయం. హైదరాబాద్‌లో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, నడుం నొప్పి మనిషి. ఏజెన్సీ వైపు బైక్ మీద వెళ్దాం, రాత్రిళ్లు వీలైన చోటల్లా ఊయలలోనే పడుకుందాం అంటే "నేను టెంట్ తెచ్చుకుంటా బావా" అన్నాడు. తెచ్చుకో, కానీ ఒక్క రాత్రి నేను కట్టినట్టు కట్టి, నేను చెప్పినట్టు పడుకుని చూడు అన్నాను. డిసెంబర్ నెల. విశాఖ నుంచి నర్సీపట్నం, లంబసింగి, సీలేరు, చింతూరు, మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి దిగాలని అనుకున్నాం.

ముందు ఎంపిక సంగతి. రోడ్డు పక్కన అమ్మే నైలాన్ తాడు వల ఊయలలు మధ్యాహ్నం కునుకుకి పర్లేదు గానీ రాత్రంతా పడుకుంటే ఆ ముడులు వీపు మీద అచ్చులు పడతాయి, చలీ దోమలూ రెండూ కిందనుంచి నేరుగా తగులుతాయి. రెండు చివర్లా కర్రలు పెట్టి గుడ్డని వెడల్పుగా పరిచిన రకం ఫొటోల్లో బాగుంటుంది, కానీ అందులో మనిషి బరువంతా పైపైన ఉంటుంది కాబట్టి నిద్రలో పక్కకి ఒత్తిగిలితే తిరగబడే ప్రమాదం ఉంది. రాత్రి నిద్రకి నా ఓటు రెండు చివర్లా గుడ్డ కుచ్చుగా చేరే రకానికే. అందులోనూ పొడవు చూసుకోవాలి. చవకగా దొరికేవి చాలావరకు 9 అడుగులకి అటూ ఇటూ ఉంటాయి, పెద్దవాళ్లు ఏటవాలుగా పడుకోవాలంటే 11 అడుగులు కావాలి. వెడల్పు 5 అడుగులు ఉంటే చాలు. చాలామంది 'డబుల్' అని రాసి ఉన్నది చూసి కొనేస్తారు, అది వెడల్పు సంగతే తప్ప పొడవు సంగతి కాదు. ఒకే ఊయలలో ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చేమో గానీ రాత్రంతా నిద్రపోలేరు, ఇద్దరూ మధ్యలోకి జారిపోతారు.

నా దగ్గరున్నవి కొన్నవి కావు. రిప్‌స్టాప్ నైలాన్ గుడ్డ (చిరుగు పాకకుండా నేసిన రకం) తెప్పించి, మా వీధిలో టైలర్ చేత పొడవు అంచులు మడిచి కుట్టించి, రెండు చివర్లా తాడు దూరేలా మడత వేయించాను, లంగా బొందు దూర్చే మడత లాంటిదే, కాకపోతే కుట్టు మీద కుట్టు వేసి గట్టిగా ఉండాలి. చెట్టుకి చుట్టే పట్టీలు అంగుళం వెడల్పు పాలిస్టర్‌వి. నైలాన్ పట్టీ బరువు పడితే సాగుతుంది, రాత్రి పడుకున్న ఎత్తు పొద్దుటికి ఉండదు. పట్టీ లేకుండా సన్నటి తాడు నేరుగా చెట్టుకి కడితే బెరడు కోసుకుపోతుంది, చెట్టు మనది కానప్పుడు అది ఇంకా తప్పు. కరాబైనర్లు, అంటే ఊయలని పట్టీకి తగిలించే లోహపు కొక్కేలు, కూడా మనిషి బరువు మోయగలవని, ఎంత మోస్తాయో అంకె చెక్కి ఉన్నవే వాడాలి, తాళంచెవులకి తగిలించుకునేవి కాదు.

మొదటి రోజు

విశాఖ నుంచి అనకాపల్లి దాటి తాళ్లపాలెం దగ్గర హైవే వదిలేసి నర్సీపట్నం రోడ్డు ఎక్కాం. మధ్యాహ్నానికి మా పెద్దమ్మ వాళ్ల ఊరు చేరి, భోజనం చేసి, తోటలోకి వెళ్లాం. మామిడి, మధ్య మధ్యలో జీడిమామిడి. "లోపల మంచాలుండగా తోటలో ఏంట్రా, మంచు పడుతుంది" అని పెద్దమ్మ గొడవ, ఆవిడకి నచ్చజెప్పడానికి చెట్టు వెతకడానికి పట్టినంత సేపు పట్టింది.

చెట్టు దగ్గర నేను మొదట చూసేది పైకి. ఎండిన కొమ్మ గానీ విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే ఆ చోటు ఎంత బాగున్నా వద్దు. కొబ్బరిచెట్టు కింద అయితే అసలు ఆలోచనే వద్దు. మునగకి, జీడిమామిడి లేత కొమ్మకి కట్టకూడదు. మొదలు కనీసం నా తొడంత లావుండి, నిలువుగా, ప్రాణంతో ఉండాలి. తర్వాత చూసేది చీమలు. మామిడి తోటల్లో ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలు మొదలు మీద బారులు తీరి తిరుగుతుంటాయి, ఆ దారిలో పట్టీ చుడితే అర్ధరాత్రికి అవి ఊయలలోకి వచ్చేస్తాయి. బారు లేని రెండు చెట్లు, మధ్యలో 13, 14 అడుగుల దూరం ఉన్నవి దొరికాయి. 12 నుంచి 15 అడుగుల మధ్య ఉంటే 11 అడుగుల ఊయలకి ఇబ్బంది ఉండదు. దూరం పెరిగేకొద్దీ పట్టీని చెట్టుకి ఇంకా పైకి కట్టాలి, లేకపోతే నడుము నేలకి తగులుతుంది. ఆ దూరానికి నా గడ్డం ఎత్తు సరిపోయింది, 15 అడుగులుంటే తల ఎత్తుకి కట్టేవాణ్ని.

ఇక బిగుతు. పట్టీ చెట్టు నుంచి కిందికి దిగే వాలు, నేలకి సమానంగా గీసిన గీతతో చూస్తే, దాదాపు 30 డిగ్రీలు ఉండాలి. కొలబద్ద అక్కర్లేదు. బొటనవేలు నిటారుగా, చూపుడువేలు ముందుకి చాచి తుపాకీ పట్టినట్టు పట్టి, పట్టీ పక్కన పెట్టి చూస్తే, చూపుడువేలి కొస నుంచి బొటనవేలి కొస దాకా వెళ్లే వాలుకి పట్టీ వాలు కలిస్తే చాలు. బావమరిది "ఇంత వదులా?" అని అడిగాడు. వాడు ఇంజనీరు కాబట్టి లెక్క చెప్పాను. 75 కిలోల మనిషి పడుకుంటే 30 డిగ్రీల దగ్గర ఒక్కో పట్టీ మీద పడే లాగు కూడా దాదాపు 75 కిలోలే. అదే 15 డిగ్రీలకి బిగిస్తే దాదాపు 145 కిలోలు. 10 డిగ్రీలకి బిగిస్తే 215 కిలోలు దాటుతుంది. బిగించేకొద్దీ పట్టీ, కరాబైనర్, కుట్టు, చెట్టు అన్నీ ఎక్కువ బరువు మోయాలి, పైగా గుడ్డ అంచులు రెండు పక్కలా బిగిసి భుజాలని నొక్కేస్తాయి. వాడు ఒక్క నిమిషం ఆలోచించి తలూపాడు.

రోజూ ఈ కొలతలు చూడక్కర్లేకుండా నా ఊయలలకి రెండు చివర్లనీ కలుపుతూ పైన ఒక సన్నటి, సాగని తాడు ఉంటుంది, రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు ఊయల పొడవులో 83 శాతం పెట్టుకోవాలన్నది హ్యామక్ వాడేవాళ్లలో బాగా స్థిరపడ్డ లెక్క. 11 అడుగుల గుడ్డకి దాదాపు 9 అడుగుల 1 అంగుళం అవుతుంది. ఇది ఉంటే చెట్లు దూరమైనా దగ్గరైనా ఊయల కుంగే తీరు మారదు. కళ్లజోడు, టార్చ్ తగిలించుకోవడానికి, దోమతెర వేలాడదీయడానికి కూడా ఇదే ఆధారం. మనిషి పడుకున్నాక రిడ్జ్‌లైన్‌ని వేళ్లతో పట్టుకుంటే కొంచెం వంగాలి. అస్సలు వంగకుండా కర్రలా ఉందంటే పట్టీలు ఇంకా వదులు చేయాలి.

కూర్చుంటే కుర్చీ ఎత్తు, అంటే నేల నుంచి అడుగున్నర. కాళ్ల వైపు పట్టీని తల వైపు కంటే ఒక జానెడు పైకి కట్టాను, లేకపోతే నిద్రలో శరీరం కాళ్ల వైపుకి జారిపోతుంది. ఇక ఎక్కడం. మధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, కాళ్లు లోపలికి తీసుకుని, ఆ తర్వాత రెండు పాదాలూ కుడి పక్కకి, తల ఎడమ పక్కకి జరపాలి. ఈ ఏటవాలులోనే అసలు సుఖమంతా ఉంది. వదులుగా వేలాడే గుడ్డలో ఏటవాలుగా పడుకుంటే గుడ్డ వెడల్పుగా తెరుచుకుని వీపు దాదాపు సమంగా వస్తుంది, మోకాళ్లు వెనక్కి వంగి నొప్పి పెట్టవు. బావమరిది మొదట నిలువునా పడుకుని "నడుం వంగిపోయింది బావా" అన్నాడు, కాళ్లు జరుపు అన్నాను, జరిపాక కాసేపు మాట్లాడలేదు. పిక్కల కింద గుడ్డ మడత కొంచెం ఒత్తుకుంటోందంటే మోకాళ్ల కింద తువ్వాలు చుట్టి పెట్టమన్నాను. టెంట్ సంచి విప్పలేదు.

తోటలో చలి లేదు, దోమలు ఉన్నాయి. దోమతెర పైన మాత్రమే కప్పే రకం అయితే పలచటి నైలాన్ గుడ్డలోంచి వీపు మీద కుడతాయి, అందుకే ఊయలని మొత్తం చుట్టేసి రెండు చివర్లా బొందుతో మూసుకునే దోమతెరే తీసుకెళ్లాం. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉన్న సమస్య, ఈ ఖర్చు దగ్గర వెనకాడకూడదు.

రెండో రోజు

పొద్దున్న "రాత్రి ఒక్కసారే లేచా" అన్నాడు, అంతకు మించి ఏమీ ఒప్పుకోలేదు. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే గాలి మారిపోయింది. లంబసింగి సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల దాకా ఎత్తులో ఉంటుంది, రోడ్డు పక్కన స్ట్రాబెర్రీ డబ్బాలు, టీ కొట్లు, వారాంతం జనం. మేం రోడ్డు నుంచి లోపలికి ఒక ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ముందే మాట్లాడుకున్న కాఫీ తోటకి వెళ్లాం. కాఫీ పళ్లు కోసే రోజులవి, కళ్లంలో గింజలు ఆరబోసి ఉన్నాయి.

కాఫీకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, ఊయల కోసమే పెంచినట్టు కనిపిస్తాయి, కానీ వాటిలో చాలావాటికి మిరియాల తీగ పాకించి ఉంటుంది. తోట యజమాని ముందే చెప్పాడు, "తీగ ఉన్న చెట్టుకి చుట్టకండి బాబూ, అది నలిగితే మళ్లీ కొత్త తీగ కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు." సరే అన్నా అని, తోట చివర తీగ లేని రెండు చెట్లు ఆయన్నే చూపించమన్నాం. ఆ చెట్ల కొమ్మలు గాలికి విరిగే రకం కాబట్టి పైన ఎండు కొమ్మలు లేవని ఇద్దరం రెండుసార్లు చూశాం. మిగిలిన చెట్ల మధ్య కాఫీ మొక్కలు ఉన్నాయి, వాటిని తొక్కుతూ కట్టడం కంటే ఊయలలు రెండూ ఒకే జత చెట్లకి ఒకదానిపైన ఒకటి కట్టొచ్చు కదా అన్నాడు వాడు. వద్దన్నాను. పైవాడి ముడి జారితే కిందవాడి మీద పడతాడు, కిందకి పడే ఎత్తు కూడా పెరుగుతుంది. నేను ఎంత ఎత్తు నుంచి పడినా దెబ్బ తగలదో అంత ఎత్తులోనే కడతాను. కళ్లం పక్కన పనస చెట్లున్నాయి, రెండో ఊయల అక్కడికి వెళ్లింది.

ఈ రాత్రి గురించే ప్రయాణమంతా నా ఆలోచన, ఎందుకంటే ఊయలని చలికాలంలో వదిలేసేవాళ్లు వీపు చలి వల్లే వదిలేస్తారు. పైన ఎంత మందం దుప్పటి కప్పినా, స్లీపింగ్ బ్యాగ్‌లో దూరినా, శరీరం కింద పడిన దూది మొత్తం అణిగిపోతుంది. వెచ్చదనం ఇచ్చేది దూదిలో నిలిచే గాలి, అణిగిన దూదిలో ఆ గాలి ఉండదు. నేల మీద అయితే కింద నేలైనా ఉంటుంది, ఇక్కడ కిందనుంచి చల్లగాలి ఆగకుండా వీస్తూ ఉంటుంది. దీనికి మందు అండర్‌క్విల్ట్, అంటే ఊయలకి బయట, అడుగున వేలాడే బొంత. మనిషి బరువు దాని మీద పడదు కాబట్టి దూది పొంగే ఉంటుంది. నాది పాత పాలిఫైబర్ కంఫర్టర్‌ని కత్తిరించి, పొడవు అంచుల్లో ఎలాస్టిక్ తాడు దూర్చి చేయించింది. కట్టేటప్పుడు అది వీపుకి తగిలీ తగలనట్టు ఆనుకుని ఉండాలి. మధ్యలో సందు ఉంటే చల్లగాలి దూరుతుంది, మరీ పైకి లాగితే బొంత అణిగిపోతుంది. పడుకున్నాక పక్కనుంచి ఇంకొకరు చెయ్యి పెట్టి చూసి ఎలాస్టిక్ సరిచేస్తే బాగా కుదురుతుంది.

అది ఒక్కటే ఉంది కాబట్టి బావమరిదికి ఇచ్చాను. నేను ఫోమ్ చాప వేసుకున్నాను. చాప కూడా పనిచేస్తుంది, చవక, తడిసినా తుడుచుకోవచ్చు, కానీ ఊయలలో అది జారుతుంది, వెడల్పు చాలక భుజాల పక్కన చలి తగులుతుంది. రెండు పొరల గుడ్డ ఉన్న ఊయల అయితే పొరల మధ్య చాప దూర్చి జారకుండా చేయొచ్చు, కొత్తగా కుట్టించుకునేవాళ్లు చలి ప్రాంతాలకి వెళ్లే ఉద్దేశం ఉంటే రెండు పొరలు వేయించుకోండి. నేను భుజాల పక్కన స్వెట్టర్లు కుక్కుకుని పడుకున్నాను, నిద్ర పట్టింది. తెల్లవారుజామున చిన్న థర్మామీటర్‌లో 7 డిగ్రీలు. వాడిని లేపడానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆకాశం స్పష్టంగా ఉంది, వాన లేదు, అయినా ఊయల పైన టార్ప్, అంటే నీళ్లు దిగని కప్పు గుడ్డ, కట్టాం. ఈ కొండల్లో పొగమంచు చెట్ల ఆకుల మీద చేరి తెల్లారేదాకా చినుకుల్లా కారుతుంది, తడిస్తే బొంత వెచ్చదనం బాగా తగ్గిపోతుంది.

మూడో రోజు

చీకటితోనే చెరువుల వేనం వెళ్లి, కింద లోయంతా నిండిన మేఘాలని చూసి, చింతపల్లిలో టిఫిన్ చేశాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లింది ఈ ఊళ్లోనే. ఈ కొండల్లో ఆ దళం రాత్రిళ్లు ఏం కప్పుకుని పడుకుందో అని బావమరిది అడిగాడు, ముందు రాత్రి చలి చూశాక ఆ ప్రశ్న నాకూ వదల్లేదు.

అక్కడే పెట్రోల్ నింపుకున్నాం. గూడెం కొత్తవీధి దాటి సీలేరు వైపు వెళ్తే చాలాసేపు అడవి, గుంతలు, ఫోన్ సిగ్నల్ లేని రోడ్డు. చెక్‌పోస్టు దగ్గర బ్యాగులు విప్పించారు, గంజాయి రవాణా వల్ల ఈ దారిలో అది మామూలే. ఊయల గుడ్డ, పట్టీలు, బొంత అన్నీ తీసి చూపించి ఎలా కడతామో చెప్తే ఓపిగ్గా విని పంపించారు. ఆ రాత్రి ఊయలలు కట్టలేదు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా బస చేయడం నేరం, అది పక్కన పెట్టినా ఎలుగుబంట్లు తిరిగే చోట మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియకుండా పడుకోవడం నాకు ఇష్టం ఉండదు. సీలేరులో గది తీసుకున్నాం.

నాలుగో రోజు

డొంకరాయి, మోతుగూడెం, చింతూరు. అక్కడ భోజనం చేసి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని పొద్దున్నే వార్త చూశాం, ఘాట్ మధ్యలోనే మబ్బు కమ్మింది. వాగు దగ్గర స్థానికులు నడిపే క్యాంపు స్థలంలో డబ్బు కట్టి చోటు తీసుకున్నాం. వాగు ఒడ్డునే రెండు మంచి చెట్లున్నాయి, క్యాంపు కుర్రాడు అవే చూపించాడు, నేను పైకి మెరక మీదున్న టేకు చెట్లు అడిగాను. ఒడ్డున రాత్రి చల్లగాలి దిగి నిలుస్తుంది, తేమ, దోమలు ఎక్కువ, పైన కొండల్లో వాన పడితే వాగు ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం. వెదురు పొదలు ఎంత బలంగా కనిపించినా కట్టకూడదు, బరువుకి బొంగులు వంగిపోతాయి.

వాన వచ్చే సూచన ఉంటే ముందు టార్ప్ కట్టి దాని కిందే మిగతా పని చేసుకోవాలి, అప్పుడు ఏదీ తడవదు. టార్ప్ పొడవు రిడ్జ్‌లైన్ కంటే రెండు వైపులా ఒక అడుగు ఎక్కువ ఉండాలి, అంటే మా ఊయలకి 11 అడుగులు. మధ్య తాడుని లారీవాళ్లు లోడు మీద తాడు బిగించే ముడితో లాగాను. ఊయల వదులుగా, టార్ప్ బిగుతుగా, ఇదే సూత్రం. నాలుగు మూలలు మేకులకి కట్టి గాలి వచ్చే వైపు బాగా కిందికి దించాం. నైలాన్ టార్ప్ తడిస్తే సాగి వేలాడుతుంది, అందుకే మూలల తాళ్లకి చిన్న ఎలాస్టిక్ ముక్కలు వేసుకుంటే అవే లాగి పట్టుకుంటాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. చెట్టు మొదలు మీదుగా కారే వాన నీరు పట్టీ వెంబడి ఊయల దాకా నడిచి వచ్చేస్తుంది, పైన టార్ప్ చుక్క కూడా కారకపోయినా వీపు తడుస్తుంది. టార్ప్ కిందికి వచ్చాక పట్టీకి ఒక నూలు దారం ముక్క కట్టి కిందికి వేలాడదీస్తే నీరు ఆ దారం వెంబడి నేల మీద పడిపోతుంది. రెండు వైపులా కట్టాలి. బొంగులో చికెన్ తిని వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి, టార్చ్ వేసి చూపిస్తే ఆ దారం కొసన నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. బావమరిది దాన్ని చాలాసేపు చూశాడు.

రాత్రంతా ఆగి ఆగి వాన. పల్లంలో టెంట్లు వేసుకున్న కాలేజీ కుర్రాళ్లకి అడుగున నీళ్లు చేరి అర్ధరాత్రి వంటపాకలోకి వచ్చేశారు. వాళ్లలో ఒకడికి చలిజ్వరంలా ఉంటే, బావమరిది తన టెంట్ తీసి మెరక మీద వేసి ఇచ్చి, తను మళ్లీ ఊయలలోకే వచ్చి పడుకున్నాడు.

ఐదో రోజు

వాన తగ్గాక కట్లు విప్పాం. తడి టార్ప్ వేరే సంచిలో, పొడి గుడ్డ వేరే సంచిలో పెట్టాలి. పట్టీలు చుట్టేముందు వేళ్లతో పొడవునా తడిమి చూస్తాను, అంచు ఎక్కడైనా పోగులు లేస్తే ఆ పట్టీ ఇక మనిషి బరువుకి పనికిరాదు. రంపచోడవరం, గోకవరం మీదుగా రాజమండ్రి చేరాం, గోదావరి గట్టు దగ్గర చుట్టాలింట్లో డాబా మీద అన్నీ నీడలో ఆరేశాం. నైలాన్ గుడ్డని ఎక్కువకాలం ఎండలో ఉంచితే బలం తగ్గుతుంది, తడిగా మడిచి పెడితే బూజు పడుతుంది.

డాబా మీదే బావమరిది ఫోన్ తీసి కొలతలు రాసుకున్నాడు. రెండు చివర్ల మడతలు పోగా పొడవు 11 అడుగులు రావాలంటే 12 అడుగుల గుడ్డ తీసుకో, రెండు పొరలు వేయించు, అలవాటున్న టైలర్‌కే ఇవ్వు, కుట్టిన వెంటనే ఎత్తుగా కట్టకుండా ముందు నేలకి జానెడు ఎత్తులో కట్టి నెమ్మదిగా బరువు వేసి చూడు అని చెప్పాను. సంక్రాంతి దాటాక వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తానన్నాడు. అక్కడ రాత్రి ఎక్కడ ఉండనిస్తారో అటవీశాఖని ముందే అడగమన్నాను. మార్చిలో అయితే బొంత ఇంట్లో వదిలేసినా పర్లేదు, దోమతెర మాత్రం బ్యాగులో ఉండాల్సిందే.